సింహం ముద్ర వేసిన ఊరు

సెల్చుక్ ఊరి చివర, ఎఫెసస్ శిథిలాలకు వెళ్ళే దారి పక్కన ఒక పల్లపు నేల ఉంది. చలికాలం వానలకు అందులో నీళ్ళు నిలుస్తాయి. మధ్యలో, ముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చి నిలబెట్టిన ఒకే ఒక్క స్తంభం. దాని నెత్తిన కొంగ గూడు. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన ఆర్టెమిస్ ఆలయం ఇక్కడే ఉండేదని గైడు చెప్తాడు. అందరూ ఫోటోలు తీసుకుని బస్సెక్కేస్తారు. నేను మాత్రం టర్కీ వచ్చిందే ఈ గుంటతో మొదలయ్యే కథ కోసం.

1904-05లో బ్రిటిష్ మ్యూజియం తరఫున డేవిడ్ హోగార్త్ ఇక్కడ ఊటనీళ్ళు తోడించుకుంటూ తవ్వకం జరిపించాడు. దేవత విగ్రహం నిలిచిన చోట, పునాదుల్లో, నగలతో పాటు తొంభైకి పైగా చిన్న లోహపు బిళ్ళలు బయటపడ్డాయి. కొన్నింటిమీద ఏ గుర్తూ లేదు. కొన్నింటిమీద ఉత్త గీతలు. కొన్నింటిమీద సింహం తల. లోహపు ముద్ద కాస్తా నాణెంగా మారిన మెట్లన్నీ ఒకేచోట దొరికాయన్నమాట. పడమటి ప్రపంచంలో నాణేల చరిత్ర ఎవరు రాసినా ఈ గుంట దగ్గరే మొదలుపెట్టాలి.

ఆ సింహం లిడియా రాజుల ముద్ర. వాళ్ళ రాజధాని సార్డిస్, ఇజ్మీర్‌కు తూర్పుగా దాదాపు తొంభై కిలోమీటర్ల దూరం. ఎఫెసస్‌కు ఏటా లక్షలమంది వస్తారు. సార్డిస్ పేరు విన్నవాళ్ళే తక్కువ. ఇది అన్యాయమని నా అభిప్రాయం. పాలరాతి నగరాలు మధ్యధరా తీరం పొడవునా ఉన్నాయి. రాజు తన గుర్తు కొట్టి, దీని విలువకు నాది పూచీ అని చెప్పిన తొలి ఊళ్ళు వెతికితే మాత్రం ముందు వరసలో నిలిచేది సార్డిసే.

ఇజ్మీర్ రాకముందే అంకారాలో, అనటోలియా నాగరికతల మ్యూజియంలో లిడియా నాణెం చూశాం. ఆ మ్యూజియం ఉన్నది కూడా ఒకప్పటి వర్తకుల అంగడి కట్టడంలోనే. నాణెం అంటే గుండ్రంగా, పల్చగా ఊహించుకుంటాం కదా, ఇది చిక్కుడుగింజలా ఉబ్బెత్తుగా ఉంది. పాలిపోయిన పసుపు రంగు. ఒకవైపు నోరు తెరిచిన సింహం. ముక్కు పైన చిన్న బొడిపె, అందులోంచి కిరణాల్లా గీతలు. రెండోవైపు బొమ్మ లేదు, సుత్తి దెబ్బకు పడిన చదరపు గుంటలే. సింహాన్ని లోతుగా చెక్కిన అచ్చును దాగలిలో బిగించి, దానిమీద తూచిన ముద్ద పెట్టి, ముద్దమీద ఇనుప మొన ఆనించి, పైనుంచి బలంగా ఒక దెబ్బ వేస్తారు. అడుగున సింహం తేలుతుంది, పైన గుంట పడుతుంది. ముద్ద లోపల కూడా అదే లోహమని చూపడానికి ఆ గుంట పనికొచ్చేదని కొందరు అంటారు.

పూర్తి నాణెం, అంటే స్టేటర్, 14 గ్రాముల పైచిలుకు. దానిలో మూడో వంతు 4.7 గ్రాములు. అలా తగ్గుతూ తగ్గుతూ తొంభై ఆరో వంతు దాకా చేశారు. అది 0.15 గ్రాములు, గోటికొన మీద నిలుస్తుంది.

“ఇంత చిన్నదానితో ఏం కొనేవాళ్ళండీ?” అంది మా ఆవిడ.

మూడో వంతు నాణేనికే పదికి అటూ ఇటూగా గొర్రెలు వచ్చేవని ఒక అంచనా. కాబట్టి కూరగాయల సంతలో తిరిగిన డబ్బు కాదిది. పెద్ద చెల్లింపులకు, ఆలయానికి మొక్కుబడులకు, బహుశా కూలి సైనికుల జీతాలకు వాడి ఉంటారు. ఆ తొంభై ఆరో వంతు ముక్కను చూస్తే మాత్రం, ఎవరో దీన్ని సామాన్యుడి దాకా తేవాలని తాపత్రయపడ్డారని అనిపిస్తుంది.

ఇజ్మీర్ నుంచి సాలిహ్లీ వెళ్ళే బస్సు గెదిజ్ నది మైదానంలో పరుగెత్తుతుంది. సెప్టెంబరు కావడంతో దారి పొడవునా కోసిన ద్రాక్షను నేలమీద ఎండబెట్టారు. ఎకరాలకు ఎకరాలు పచ్చదనం, పక్కనే పసుపు, ఆపైన గోధుమరంగు. మన దుకాణాల్లో కిస్‌మిస్‌గా కనిపించేది ఎండకు ఇలా రోజుకో రంగు మారుతుందని అక్కడే చూశాను. సార్ట్ అనే పల్లె దగ్గర హైవే మీదే దింపేశారు. హైవే పక్కనే పాలరాతి వ్యాయామశాల, దానికి ఆనుకుని మొజాయిక్ నేలల యూదుల ప్రార్థనాలయం. రెండూ గొప్పవే, రెండింటినీ తిరిగి నిలబెట్టినవాళ్ళ ఓపికకు దండం పెట్టాలి. కానీ అవి రోమన్ కాలానివి, సింహం నాణేల తర్వాత ఎన్నో వందల ఏళ్ళకు కట్టినవి. మేము దక్షిణంగా, కొండవైపు నడిచాం.

దారి వెంట సన్నని వాగు. దానికే పాక్టోలస్ అని పాత పేరు. తాకిందల్లా బంగారమయ్యే వరం పొంది, అన్నం ముద్ద కూడా బంగారమైపోతుంటే ఏడ్చిన మైదాస్ రాజు, ఆ వరం వదిలించుకోవడానికి మునిగిన వాగు ఇదేనని గ్రీకుల కథ. వాగులో బంగారం ఎలా వచ్చిందో చెప్పడానికి పుట్టిన కథ అది. నిజానికి అది తమోలస్ కొండల నుంచి, ఇప్పటి బోజ్‌దా నుంచి, ఇసుకతో కొట్టుకొచ్చేది. రెండు వేల ఏళ్ళ కిందటే స్ట్రాబో అనే భూగోళవేత్త ఇక బంగారం రావడం లేదని రాసిపెట్టాడు. మేము వెళ్ళినప్పుడు రాళ్ళ మధ్య చీలమండ లోతు నీళ్ళున్నాయి. ఎదురుగా కొండ, ఎర్రమట్టి, వానలకు కోసుకుపోయి పదునుదేలిన గట్లు. ఇంత మెత్తని కొండ కాబట్టే నగరాన్ని మట్టి కప్పేసింది, కప్పేసింది కాబట్టే అడుగున ఉన్నది మిగిలింది.

సార్డిస్‌లోని ఆర్టెమిస్ ఆలయానికి వెళ్ళే దారిలో, వాగు గట్టున, తీగ కంచె వెనక కొన్ని మొండి గోడలు కనిపిస్తాయి. అక్కడ ఎవరూ ఆగడం లేదు. నాకైతే మొత్తం ప్రయాణంలో చూడదగ్గ చోటు అదొక్కటే అయినా చాలు.

1958లో మొదలైన హార్వర్డ్-కార్నెల్ విశ్వవిద్యాలయాల తవ్వకాలు, జార్జ్ హన్ఫ్‌మన్ నాయకత్వంలో, 1968లో ఈ చోటికి చేరాయి. నేలమీద వరసగా చిన్న చిన్న గుంటలు. లోపల కాలి గట్టిపడిన మట్టి పూత. పక్కన చిన్న కొలుములు. కుండపెంకులకు, మట్టికి అంటుకుని సన్నని బంగారు రేకులు. క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దం నాటి బంగారం శుద్ధి చేసే కర్మాగారం అది. మధ్యలో సిబెలీ దేవతకు రాతి బలిపీఠం, మూలల్లో సింహాలు.

అక్కడ జరిగిన పని ఏమిటో తర్వాత ప్రయోగశాలల్లో తేల్చారు. వాగులో దొరికేది ఒట్టి బంగారం కాదు, వెండి కలిసిన బంగారం. దాన్ని పల్చని రేకులుగా కొట్టి, ఉప్పుతో పొరలు పొరలుగా మట్టిపాత్రల్లో పేర్చి, మూతపెట్టి కొలిమిలో ఉంచేవారు. బంగారం కరిగేంత వేడి పెట్టకూడదు. ఎర్రగా కాగుతూ గంటలకు గంటలు ఉండాలి. ఉప్పు ఆవిరి వెండిని పట్టి లాగేస్తుంది, లాగిన వెండిని పాత్ర గోడలు పీల్చుకుంటాయి, బంగారం మిగులుతుంది. తర్వాత ఆ పెంకులను సీసంతో కరిగించి, ఆ చిన్న గుంటల్లో గాలి ఊది సీసాన్ని వదిలించి, వెండిని కూడా వెనక్కి రాబట్టేవారు. ఏదీ పోనివ్వలేదు. పేరు తెలియని ఆ పనివాళ్ళ చేతి నేర్పు ముందు లిడియా రాజు క్రీసస్ ఐశ్వర్యం నాకు చిన్నదిగా కనిపించింది.

అసలు ఇంత కష్టం ఎందుకు పడాల్సి వచ్చిందన్నది ముఖ్యమైన ప్రశ్న. జవాబు ఆ పాలిపోయిన సింహం నాణెంలోనే ఉంది. ఈ ప్రాంతపు సహజ మిశ్రమంలో బంగారం 70 నుంచి 90 శాతం దాకా ఉంటుంది. సింహం నాణేలను పరీక్షిస్తే ఉన్నది 55 శాతానికి అటూ ఇటూ! వెండి కావాలని కలిపారు. రంగు మరీ తెల్లబడకుండా కాస్త రాగి కూడా వేశారు. బరువులో మాత్రం వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. ముద్రకు ఉన్న విలువకీ లోహానికి ఉన్న విలువకీ మధ్య తేడా తొలి నాణెంలోనే ఉంది, ఆ తేడా వేసినవాడి ఖజానాకు చేరింది. దీన్ని మోసం అనడానికి నాకు మనసొప్పదు. కళ్ళతో చూసి పాళ్ళు చెప్పలేని లోహానికి, ఏ ముక్కకైనా ఒకే విలువ అని రాజు పూచీ పడ్డాడు. ఆ పూచీకి తీసుకున్న రుసుము అనుకోవచ్చు. కానీ జనం ఎప్పటికీ కళ్ళు మూసుకుని ఉండరు. మన కంసాలులు బంగారాన్ని గీసి చూసే నల్లని గీటురాయిని గ్రీకులు లిడియా రాయి అనే పిలిచేవారు. అది ఈ కొండల నుంచి వచ్చే ఏటిలోనే దొరుకుతుందని గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ రాశాడు. నాణెం పుట్టిన చోటే దాన్ని అనుమానించే రాయి కూడా ఉందన్నమాట.

క్రీసస్ ఆ అనుమానానికి తావు లేకుండా చేశాడు. క్రీస్తు పూర్వం 561 ప్రాంతంలో గద్దెనెక్కిన ఆయన, కలగలుపు లోహాన్ని వదిలి బంగారం నాణెం వేరుగా, వెండి నాణెం వేరుగా కొట్టించాడు. బొమ్మ కూడా మారింది. సింహం, ఎద్దు ఎదురెదురుగా నిలిచాయి. తేలిక బంగారు నాణెం 8.1 గ్రాములు, వెండిది 10.7 గ్రాములు. ఒక బంగారానికి పది వెండి. లెక్క పిల్లలక్కూడా అర్థమవుతుంది. వాగు గట్టున ఉన్న ఆ కొలుములు లేకపోతే ఈ సంస్కరణ కాగితం మీది మాటగా కూడా మిగిలేది కాదు.

క్రీసస్ ఎక్కువకాలం నిలవలేదు. క్రీస్తు పూర్వం 546 ప్రాంతంలో పారశీక చక్రవర్తి సైరస్ సార్డిస్‌ను పట్టుకున్నాడు. అయితే గెలిచినవాడు ఓడినవాడి అచ్చును పగలగొట్టలేదు. సింహం-ఎద్దు నాణేలు ఇంకా కొన్ని దశాబ్దాలు అలాగే వెలువడ్డాయి. విలుకాడి బొమ్మతో పారశీకుల సొంత నాణేలు తర్వాతి చక్రవర్తి డేరియస్ కాలంలో గానీ రాలేదు. కోట చేతులు మారిందని జనం ఒప్పుకున్నారు, చేతిలో నాణెం మారితే ఒప్పుకునేవారు కాదేమో.

దాదాపు అవే శతాబ్దాల్లో మన దేశంలోనూ నాణేలు పుట్టాయి, అదీ వేరే దారిలో. వెండి రేకును ముక్కలుగా కత్తిరించి, సరిగ్గా తూచి, సూర్యుడు, ఏనుగు, చెట్టు వంటి ముద్రలు ఒక్కొక్కటిగా కొట్టేవారు. రాజు పేరు లేదు, ముఖం లేదు. అమరావతిలో దొరికిన ఒక్క రాశిలోనే అలాంటివి ఏడు వేలకు పైగా ఉన్నాయి. అటు సింహం, ఇటు ఇలా ముద్రలు గుచ్చిన విద్ధాంక నాణెం. లోకంలో ఇంకే మూల ఎవరు కొట్టినా కోరింది ఒకటే. చేతిలో పడిన ముక్కను మళ్ళీ తూచే పని, గీసే పని తప్పాలి.

మళ్ళీ సార్డిస్‌కు వస్తే, కొండ కింద ఆ ఆర్టెమిస్ ఆలయం ఉంది. ఎఫెసస్‌లో ఉన్న ఒక్క స్తంభాన్ని చూసి నిట్టూర్చినవాళ్ళు ఇక్కడికి రావాలి. రెండు స్తంభాలు పాదం నుంచి తలదాకా నిండుగా నిలబడి ఉన్నాయి. మధ్యాహ్నం వాటి నీడలో మేమిద్దరం, ఒక కుక్క తప్ప ఎవరూ లేరు.

తిరుగుదారిలో టీ దుకాణంలో కూర్చున్నాం. నడుము సన్నని గాజు గ్లాసుల్లో టీ వచ్చింది. పక్క బల్ల దగ్గర పెద్దాయన ఇండియా అని వినగానే కుర్చీ ఇటు జరుపుకున్నాడు. ఆయన టర్కిష్‌ను దుకాణం కుర్రాడు తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. నా చేతిలోని 200 లీరాల నోటు చూపించి, ఇది కొత్తగా వచ్చినప్పుడు దీంతో సంచి నిండేదని అన్నాడు. ఆ నోటు 2009లో వచ్చింది. అప్పట్లో దానికి 130 డాలర్ల దాకా వచ్చేవి. ఇప్పుడు ఐదు డాలర్లు కూడా రావు, దేశంలో అంతకంటే పెద్ద నోటూ లేదు. అంతకుముందు సంగతి ఇంకా ఘోరం. 2004లో ఒక డాలరుకు దాదాపు 14 లక్షల లీరాలు. రెండు కోట్ల లీరాల నోటు చలామణిలో ఉండేది. 2005 జనవరి 1న ఆరు సున్నాలు కొట్టేసి పది లక్షలను ఒకటి చేశారు. కొన్నేళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. 2022 అక్టోబరు నాటికి ధరల పెరుగుదల ప్రభుత్వ లెక్కల్లోనే 85 శాతం దాటింది.

నోట్లు మాత్రం ఎంతో అందమైనవి. ఒకవైపు అతాతుర్క్. వెనకవైపు పది లీరాల మీద గణితవేత్త జాహిత్ ఆర్ఫ్, ఆయన సూత్రంతో సహా. యాభై మీద నవలా రచయిత్రి ఫత్మా ఆలియే. రెండు వందల మీద సూఫీ కవి యూనుస్ ఎమ్రె. గణిత సూత్రాన్ని నోటుమీద అచ్చువేసుకున్న దేశమంటే నాకు గౌరవం. అంత మంచి నోటు విలువ పెద్దాయన కళ్ళముందే కరిగిపోవడం చూస్తే బాధగా ఉంది.

మరి ఈ జనం దాచుకునేది ఎక్కడ? ఆ జవాబు సాయంత్రం సాలిహ్లీలో దొరికింది. బజారు వీధిలో వరసగా బంగారం కొట్లు. ప్రతి కొట్లోనూ ధరలు మారుతూ ఉండే తెర. ఒక కొట్లోకి వెళ్ళి “చెయ్‌రెక్” అని అడిగితే షాపతను నల్ల మఖమలు పలక మీద చిన్న నాణెం పెట్టాడు. పావు బంగారం అని దాని పేరు. 22 క్యారట్లు, 1.75 గ్రాములు. ఇస్తాంబుల్‌లోని ప్రభుత్వ టంకశాల కొట్టినది. పెళ్ళికి, పుట్టిన బిడ్డకు, సున్తీ చేసిన పిల్లవాడికి ఇదే కానుక. ఎర్ర రిబ్బను కట్టి పెళ్ళికూతురికి, పెళ్ళికొడుక్కి బట్టలమీద గుచ్చుతారు. ఎవరు ఏం పెట్టారో చాలా పెళ్ళిళ్ళలో మైకులో చెప్తారు కూడా. వాళ్ళింట పెళ్ళికి మనమూ అంతే పెట్టాలి. మన చదివింపులకూ దీనికీ ఏమీ తేడా లేదు. ఆడవాళ్ళు నెలకోసారి ఒకరింట్లో చేరి, తలా ఒక బంగారు నాణెం తెచ్చి, వంతు వచ్చినామెకు మొత్తం ఇచ్చేస్తారు. మా ఆవిడ వెంటనే “ఇది మన చిట్టీయే కదండీ” అంది.

ఆమె పావు నాణేన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. క్రీసస్ బంగారు నాణెం ఎన్ని గ్రాములన్నారు అని అడిగింది. ఎనిమిది గ్రాముల పైన ఒక పిసరు, అన్నాను. “అయితే కాసు బంగారమే!” అంది. కాసుకూ క్రీసస్ నాణేనికీ చుట్టరికం ఏమీ లేదు. మన కొట్లలో కాసు లెక్క ఇంగ్లీషు సవరను బరువుకు దగ్గరగా నడుస్తుంది. అయినా దాచుకోవడానికి, చేతులు మారడానికి మనిషి చేతికి నచ్చిన బరువు రెండు చోట్లా అదే అయిందని నాకు సంతోషమనిపించింది. మాకొక పావు నాణెం కొనుక్కున్నాం, రసీదుతో సహా.

మర్నాడు పొద్దున టాక్సీ మాట్లాడుకుని గెదిజ్ నది అవతల బిన్‌తెపె చూడ్డానికి వెళ్ళాం. లిడియా రాజుల, సంపన్నుల సమాధి దిబ్బలు. పొలాల మధ్య, ఆలివ్ చెట్ల మధ్య వందకు పైగా ఉన్నాయి. క్రీసస్ తండ్రి అల్యాటిస్ దిబ్బ అడ్డంగా మూడు వందల యాభై మీటర్లు, ఎత్తు అరవై మీటర్లకు పైమాటే. సార్డిస్‌తో కలిపి వీటిని 2025 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మంచి పనే, ఆలస్యంగా జరిగింది. దగ్గరికి వెళ్తే దిబ్బల పక్కల్లో గాట్లు కనిపిస్తాయి. చాలావరకు నిధి దొంగలు తవ్వినవే.

ఇక్కడికి తూర్పున ఉషాక్ దగ్గర 1966లో ఇలాంటి దిబ్బలనే కొల్లగొట్టారు. ఆ నగలు, వెండి పాత్రలు చేతులు మారి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం చేరాయి. ఓజ్‌గెన్ అజార్ అనే విలేకరి ఏళ్ళ తరబడి వాటి జాడ తీశాడు, టర్కీ కోర్టుకెక్కింది, 1993లో అవి తిరిగొచ్చాయి. ఆ తర్వాత ఉషాక్ మ్యూజియంలోనే రెక్కల సముద్రగుర్రం పతకం మాయమై నకిలీది ఆ స్థానంలో చేరింది. 2006లో బయటపడ్డ ఆ దొంగతనం సొత్తు జర్మనీలో దొరికి 2013లో ఇల్లు చేరింది. వస్తువులైతే వచ్చాయి. అవి ఏ గదిలో, ఎవరి పక్కన, ఏ వరసలో ఉండేవో ఇక ఎప్పటికీ తెలియదు.

అందుకే ఇది చెప్పి ఆపుతాను. టర్కీలో ఏ శిథిలం దగ్గరైనా ఎవరో ఒకరు గుప్పిట తెరిచి పాత నాణేలు చూపిస్తారు. ఎక్కువగా నకిలీవి. అసలువైతే కొనడం మరీ తప్పు. 1983 నాటి 2863 నంబరు చట్టం ప్రకారం పురావస్తువులను దేశం దాటించడం నేరం, విమానాశ్రయంలో పట్టుకుంటారు. ఎఫెసస్ గుంటలో దొరికిన సింహాలు పునాది అడుగున ఉన్నవి ఉన్నట్టు దొరికాయి కాబట్టే వాటి కాలం గురించి వాదించుకోగలుగుతున్నాం. మన కోటిలింగాలలోనూ అంతే. గోదావరి ఒడ్డున గోభద, నారన, సమగోప పేర్లతో దొరికిన నాణేలు తెలంగాణ చరిత్రకు శాతవాహనులకు ముందున్న గుమ్మం తెరిచాయి. వాటిలో ఎన్ని కంసాలి మూసలో కరిగిపోయాయో ఎవరు చెప్పగలరు?

మీ పొలంలో నాగలికి ఏదైనా తగిలితే కడగకండి, తోమకండి, దొరికిన చోటు గుర్తుపెట్టుకుని కలెక్టరుకు తెలపండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పది రూపాయల విలువ దాటిన నిక్షేపం దేనికైనా అది వర్తిస్తుంది. హక్కుదారు ఎవరూ లేరని తేలితే, నేల యజమాని వేరే ఉన్నప్పుడు కూడా దొరికించుకున్నవారికి ముప్పావు వంతు వాటా ఆ చట్టమే ఇస్తోంది. ప్రభుత్వం తనకే ఉంచుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది.